వెయ్యి పున్నముల పుట్టినరోజు

ఈమధ్య జరిగే పుట్టినరోజు వేడుకల్లో దీపాలన్నీ పుట్టినరోజు మనిషి మీదికే తిప్పి ఉంటాయి. వెనక ఒక తెర, ఆ తెర నిండా మినుకుమినుకుమనే బల్బుల తీగలు, రెండు పక్కలా నిలువెత్తు స్టాండ్ల మీద ఫ్లడ్‌లైట్లు, ఎదురుగా వీడియో వాళ్ల లైటు. మధ్యలో పెద్ద కుర్చీలో ఆ మనిషి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చీకట్లోంచి వెలుగులోకి వచ్చి, అక్షింతలు వేసో, పూలగుత్తి ఇచ్చో, ఫొటో దిగి మళ్లీ చీకట్లోకి వెళ్లిపోతారు. ఎవరి కోసం అంత వెలుగు పెట్టారో ఆ మనిషికి మాత్రం ఏమీ కనపడదు. చంటిపిల్లలైతే ఏడ్చి గోల చేస్తారు. పెద్దవాళ్లు ఏడవరు. కళ్లు చికిలించుకుని, ఎవరు వచ్చారో తెలియకుండానే అందరికీ నవ్వుతూ నమస్కారం పెడుతుంటారు.

దగ్గర బంధువుల ఇంట షష్టిపూర్తికి వెళ్లినప్పుడు మా అమ్మకి ఇదే జరిగింది. ఇంటికి పెద్దదిక్కు అని గౌరవంగా ఆవిడని వేదిక మీదే, దంపతుల పక్కన కూర్చోబెట్టారు. భోజనాలవేళ దాకా అక్కడే ఉంది. తిరిగొస్తుంటే కార్లో, “మీ చిన్న మావయ్య రాలేదేమే?” అని అడిగింది. చిన్న మావయ్య వచ్చాడు. వేదిక ఎక్కి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు, ఆవిడ తల మీద చెయ్యి వేసి దీవించింది కూడా. ఆ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఎవరో పెద్దాయన, నాకెందుకు దండం పెడుతున్నాడా అనుకున్నాను” అంది. తను ఎత్తుకు పెంచిన తమ్ముడు ఆయన.

వయసు మీద పడ్డ కంటికి వెలుగుతో రెండు రకాల ఇబ్బంది. కంటిపాప చిన్నదైపోతుంది, చీకట్లో మునుపటిలా విచ్చుకోదు. లోపలికి వెళ్లే వెలుగే తగ్గిపోతుంది కనక చదవడానికైనా, మెట్టు చూసి అడుగు వేయడానికైనా కుర్రవాళ్ల కంటే వాళ్లకి ఎక్కువ వెలుగు కావాలి. కాని అదే వెలుగు తిన్నగా కంట్లో పడితే తట్టుకోలేరు, తేరుకోవడానికీ చాలాసేపు పడుతుంది. శుక్లాల ఆపరేషన్‌తో మసకబారిన కటకం పోయి కొత్తది వస్తుంది గాని, కంటిపాప కొత్తది రాదు. కనక పెద్దవాళ్లకి కావలసింది ఎక్కువ వెలుగే. అది వాళ్ల కళ్లలోకి కాకుండా వాళ్లు చూడాలనుకునే దాని మీద పడాలి. పుట్టినరోజు నాడు వాళ్లు చూడాలనుకునేది మనుషుల్ని. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకునే అమ్మ పుట్టినరోజు బీచ్ రోడ్డు పక్కన పార్కులో, చీకటి పడే వేళకి పెట్టాం.

అది సహస్ర చంద్ర దర్శనం. అరవైకి షష్టిపూర్తి, డెబ్భైకి భీమరథ శాంతి చేసినట్టే, వెయ్యి పున్నములు చూసిన మనిషికి ఇది చేస్తారు. ఎనభై ఏళ్లకే చేసేవాళ్లున్నారు, ఎనభై నాలుగు దాకా ఆగేవాళ్లూ ఉన్నారు. లెక్క కడితే మాత్రం తేలిగ్గానే తేలుతుంది. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు. వెయ్యి పున్నములంటే దాదాపు 29,530 రోజులు, అంటే ఎనభై ఏళ్ల పది నెలలు. మన పంచాంగం లెక్కలోనూ అదే వస్తుంది. ఏటికి పన్నెండు చొప్పున ఎనభై ఏళ్లకి 960. పందొమ్మిదేళ్లకి ఏడు అధిక మాసాలు కాబట్టి ఎనభై ఏళ్లలో మరో ఇరవై తొమ్మిది. మిగిలిన పదకొండూ ఎనభై ఒకటో ఏడు నిండేలోగా పూర్తవుతాయి. అందుకని మేం ఎనభై ఒకటో పుట్టినరోజు దాకా ఆగాం. అమ్మ పుట్టింది మాఘ పౌర్ణమి నాడు. మా ఇంట్లో పుట్టినరోజులు తిథుల ప్రకారమే చేస్తాం కనక ఏటా ఆవిడ పుట్టినరోజుకి ఆకాశంలో నిండు చంద్రుడు ఉంటాడు. ఈసారి ఆదివారం కూడా కలిసొచ్చింది.

కాలేజీలో చదువుతున్న మా అబ్బాయికి ఈ లెక్క మీద ఒక సందేహం. “పుట్టిన మొదటి నెలల్లో నువ్వు చంద్రుణ్ణి చూసి ఉండవు కదా అమ్మమ్మా. ఆషాఢం, శ్రావణం పున్నములు సగం మబ్బుల్లోనే పోతాయి. మరి వెయ్యి ఎలా చూసినట్టు?” అన్నాడు. వాడు ఎకసెక్కానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అమ్మ కూడా అలాగే జవాబు చెప్పింది. “నేను చూడని పున్నమికీ మా అమ్మ నన్నెత్తుకుని వాకిట్లో తిరిగే ఉంటుందిరా. అది కూడా నా లెక్కలోదే.”

ఉదయం ఇంట్లో తలంటు, హోమం, దానాలు. అవన్నీ పద్ధతిగా పురోహితుడు చూసుకున్నాడు. సాయంత్రం మాత్రం మా చేతుల్లో ఉంది.

ఫంక్షన్ హాలు వద్దనుకున్నాక ముందు మా మేడ మీదే చేద్దామనుకున్నాం. కాని మెట్లెక్కలేని పెద్దవాళ్లు చాలామంది. పైగా చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక తూర్పు వైపు చంద్రుడు కనపడాలంటే రాత్రి ఎనిమిది దాటాలి. విశాఖపట్నంలో ఉండి చంద్రోదయం చూడ్డానికి ఎనిమిది దాకా ఆగడం ఏమిటి? ఊరికి తూర్పు అంతా సముద్రమే. పున్నమి రోజున అటు కొండల వెనక సూర్యుడు దిగే వేళకే ఇటు నీళ్ల మీద చంద్రుడు లేస్తాడు. ఆ రెండూ ఒకేసారి కనపడే చోటు, నగరంలో ఎవరి సొంతమూ కానిది, టికెట్టు పెద్దగా లేనిది, పార్కే. అనుమతి కాగితం మీద షరతులు రాసిచ్చారు. వంట చేయకూడదు, మైకు పెట్టకూడదు, గడ్డి మీద నిప్పు ఉండకూడదు, చెట్లకి మేకులు కొట్టకూడదు, మూసే వేళకి ఖాళీ చేయాలి. ఒక్కటీ మాకు అడ్డం కాలేదు. మేం అనుకుంటున్న వేడుకకి ఆ షరతులే కొలతలు ఇచ్చాయి.

దీపాలు ఎలా అమర్చాలన్నది నేను నేర్చుకున్నది బీచ్‌లో ముంత మసాలా బండి దగ్గర. చీకటి పడ్డాక ఆ బండిని ఎప్పుడైనా నిలబడి చూడండి. ఒకే ఒక్క బల్బు ఉంటుంది. అది తలెత్తున వేలాడదు, బండి పలక మీదికి జానెడున్నర ఎత్తులోనే ఉంటుంది. దాని చుట్టూ డబ్బా రేకు కోసి చేసిన గొడుగు. ఆ గొడుగు అంచు బండివాడి కళ్లకీ, కొనుక్కునేవాళ్ల కళ్లకీ సరిగ్గా అడ్డంగా వస్తుంది. బల్బు ఎవరికీ కనపడదు. మరమరాలు, తరిగిన ఉల్లిపాయలు, నిమ్మచెక్కలు, కలిపే చెయ్యి మాత్రం దివ్యంగా కనపడతాయి. పలక మీద పడి పైకి తేలిన వెలుగుతో ఎదురుగా నిలబడ్డవాళ్ల ముఖాలు కూడా. చిల్లర లెక్కపెట్టుకునేంత వెలుగు ఉంటుంది, సముద్రం మీది చీకటీ చెడదు. లైటింగ్ చదువుకున్నవాళ్లు పెద్ద పెద్ద వేదికల దగ్గర మరిచిపోయేది ఈ బండి దగ్గర ప్రతి సాయంత్రం కనిపిస్తుంది. వెలుగు కావాల్సింది వస్తువు మీద, నీడ కావాల్సింది కంటికి.

బంధువుల అటకల మీద పడి ఉన్న పాత లాంతర్లు పోగుచేశాం. కిరసనాయిలు దొరకదు, గడ్డి మీద నిప్పు కూడదు కనక వాటిలో బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టాం, పసుపు వెలుగువి. బల్బు పెట్టె మీద 2,700 అనో 6,500 అనో కెల్విన్‌లలో ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగు దీపపు రంగుకి దగ్గరవుతుంది, పెరిగేకొద్దీ నీలి తెలుపు అవుతుంది. మనుషుల ఒంటి రంగుకి, పసుపు రాసుకున్న పాదాలకి, పట్టుచీరలకి 2,700 దగ్గర ఉన్నదే నప్పుతుంది. లాంతర్లని మొదట మా పెరట్లో నేల మీద పెట్టి చూశాం. చెల్లెలు ఎదురుగా కూర్చుంటే గడ్డం కింద వెలుగు, నుదుటి మీదికి ముక్కు నీడ. చూసిన మనవరాలు జడిసి నా వెనక దాక్కుంది. కింది నుంచి వెలుగు పడితే ఎంత చక్కని ముఖమైనా మారిపోతుంది. అందుకని వెదురు గడలు కోయించి, కూర్చున్న మనిషి తలకి మూరెడు పైన, కాస్త పక్కగా లాంతరు వేలాడేలా కొక్కేలు కట్టించాం. అమ్మ కుర్చీ ఉండే వైపు లాంతరు గాజుకి బంగారు రంగు కాగితం అంటించాం. దాంతో వెలుగు చాప మీద కూర్చున్నవాళ్ల మీద పడుతుంది, అమ్మ కంట్లో పడదు. చాపకో లాంతరు. చాపలన్నీ అర్ధచంద్రాకారంగా, అన్నిటికీ ఎదురుగా అమ్మ కుర్చీ. ఆవిడ మీద ఏ దీపమూ లేదు.

“పుట్టినరోజు మనిషిని చీకట్లో కూర్చోబెడతారా పిన్నీ?” అని మా అక్క కొడుకు బాధపడ్డాడు. పెళ్లిళ్లకి అలంకరణ చేసే పని వాడిది, బాగా చేస్తాడు కూడా. మనిషెత్తు 81 అంకెని బల్బులతో చేయించి పెడదామని వాడి కోరిక. వాడి వైపూ న్యాయం ఉంది. ఫొటోలు లేకపోతే ఆ రోజుని పిల్లల పిల్లలు ఎలా చూస్తారు? ఈ చిక్కుని సంధ్యవేళ తీర్చింది. సూర్యుడు దిగిపోయాక దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి చేరేదాకా ఆకాశమే అందరి మీదా మెత్తని వెలుగు పరుస్తుంది. అప్పుడు ముఖాల మీద గట్టి నీడలుండవు, కళ్లు చికిలించాల్సిన పని ఉండదు. కెమెరాకి అంతకంటే మంచి వెలుగు ఏ స్టాండూ ఇవ్వలేదు. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు కనక ఆ వేళ ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో అయిపోతుంది. లండన్‌లో అయితే ఫిబ్రవరిలోనే అరగంట దాటుతుంది. ఫొటోలన్నీ ఆ ఇరవై నిమిషాల్లో, అందరూ కలిసి ఉన్నవే తీయాలని ఒప్పందం చేసుకున్నాం. వాడు గడియారం పట్టుకుని ఒక్క నిమిషం వృథా కాకుండా తీశాడు. ఆ తర్వాత కెమెరా సంచిలో పెట్టేసి చాప మీద కూర్చున్నాడు.

చెట్లకి బల్బుల తీగలు చుట్టకపోవడానికి మేకుల షరతు ఒక్కటే కారణం కాదు. సాయంత్రం ఆరింటికి ఆ చెట్లకింద నిలబడితే గోరింకల గోలకి మన మాట మనకే వినపడదు. అవి నిద్రకి చేరే చోటు అది. కొమ్మ కొమ్మకీ దీపం కడితే ఆ రాత్రికి వాటికి గూడు లేనట్టే. ఇంకా ముఖ్యమైనది రోడ్డుకి అవతల, ఇసుకలో ఉంది. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఈ నెలల్లోనే. విశాఖ బీచ్‌లో వాటి గుడ్లని ఏరి, కంచె కట్టిన చోట కప్పిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. గుడ్డు పొదగడానికి నెలన్నర పైనే పడుతుంది. ఇసుకలోంచి బయటపడ్డ పిల్లకి దారి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఎటు దిగంతం వెలుగ్గా ఉంటే అటు పాకుతుంది. మనుషుల దీపాలు లేని రోజుల్లో రాత్రిపూట వెలుగ్గా ఉండేది నీళ్లే, చుక్కలూ చంద్రుడూ ప్రతిఫలించే నీళ్లు. కోట్ల ఏళ్లుగా ఆ గుర్తు తప్పలేదు. ఇప్పుడు రోడ్డు వైపు వెలుగు ఎక్కువైతే అది రోడ్డు వైపు పాకుతుంది. ఒక ముసలామె పుట్టినరోజు సంబరం అప్పుడే పుట్టిన ప్రాణికి దారి తప్పించకూడదు కదా. లాంతర్లకి సముద్రం వైపు కూడా కాగితం కట్టాం. ఆకాశంలోకి వదిలే కాగితపు దీపాలు తెస్తామన్న పిల్లలకి వద్దని చెప్పాం. అవి వెలుగుతూ ఎక్కడో దిగుతాయి, ఎవరి ఇంటి మీదో, ఎవరి వల మీదో.

వెలుగు ధారాళంగా పెట్టినవి రెండే చోట్లు. ఒకటి గేటు నుంచి చాపల దాకా ఉన్న దారి. అక్కడ పలకరాళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి, మధ్యలో మూడు మెట్లు. పెద్దవాళ్లు పడితే తుంటి విరుగుతుంది, ఆ తర్వాత మంచం దిగడం కష్టం. ప్రతి మెట్టు అంచుకీ తెల్ల ముగ్గుపిండితో గీత గీసి, పాదాల ఎత్తులో కిందికే వెలిగే దీపాలు వరసగా పెట్టాం. రెండోది వడ్డన బల్ల. పులిహోర, బూరెలు, ఆవడలు, కొబ్బరి పచ్చడి ఇంటి దగ్గరే చేసి తెచ్చాం. తినేది కళ్లకి కనపడకపోతే పెద్దవాళ్లు తినరు, ఎవరినీ అడగరు, కడుపు నిండిందని చెప్పి లేచిపోతారు. ఆ బల్ల మీద ముంత మసాలా బండి పద్ధతే, రేకు గొడుగు కింద బల్బులు.

ఇక చంద్రుడు. మావాళ్లంతా సముద్రంలోంచి నారింజ రంగులో ఇంత పెద్ద బింబం లేస్తుందని ఎదురుచూస్తున్నారు. అసలు పౌర్ణమి ఘడియ మర్నాడు తెల్లవారుజామునెప్పుడో ఉంది కనక సూర్యుడు ఇంకా దిగకముందే చంద్రుడు వచ్చేశాడు, రంగు లేకుండా, లేత ఆకాశంలో చిన్న మబ్బుతునకలా. చాలామంది గమనించనే లేదు. అమ్మ గమనించింది. చిన్నప్పటి నుంచీ తన పుట్టినరోజు చంద్రుణ్ణి వెతుక్కునే అలవాటున్న మనిషి ఆవిడ. “అదిగో, వచ్చేశాడు” అంటే అందరూ తలలు తిప్పి, అదేనా అన్నట్టు చూశారు. అరగంటలో మాత్రం చుట్టూ ఆకాశం చీకటయ్యేకొద్దీ ఆ తునకే కాంతి పుంజుకుంది. చంద్రుడి నేల తన మీద పడ్డ వెలుగులో పన్నెండు శాతమే వెనక్కి పంపుతుంది. మనం నడిచే పాత తారురోడ్డు కూడా ఇంచుమించు అంతే. అంత నల్లని నేల, సూర్యుడి వెలుగులో నాలుగు లక్షల్లో ఒక వంతు, అయినా ఇసుక మీద మన నీడ పడుతుంది.

పున్నమి వెలుగు, చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు కూడా, 0.3 లక్స్ మించదు, చాలాసార్లు పావు లక్స్ దగ్గరే ఉంటుంది. కొవ్వొత్తి మీటరు దూరంలో ఉంటే ఒక లక్స్. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది కాబట్టి, రెండు మీటర్ల దూరంలో పెట్టిన కొవ్వొత్తి ఇచ్చేది పావు లక్స్. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఒక చాప దూరంలో వెలిగే చిన్న దీపమూ, 3,84,400 కిలోమీటర్ల దూరంలోని నిండు చంద్రుడూ మన ముఖం మీద ఒకేపాటి వెలుగు వేస్తాయి. ఈ లెక్క చదివిన రోజున నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. లాంతర్లు ఎంత ఎత్తున, ఎంత దూరాన ఉండాలన్నది దాన్ని బట్టే నిర్ణయించాం. చంద్రుడి వెలుగుని మింగెయ్యకుండా, దానికి తోడుగా ఉండేటంత.

అందుకు కళ్లు అలవాటు పడాలి. చీకట్లో చూపునిచ్చే కణాలు పూర్తిగా తేరుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ టార్చి కొడితే మళ్లీ మొదటికే. పిల్లలకి ఇది ముందే చెప్పాం. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి, ఎవరి కళ్లు ముందు దూరాన పడవని పట్టుకుంటాయో అని పందెం పెట్టుకున్నారు. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ తిప్పి తిప్పి వెలుగు పంపడం వాళ్లు సరిగ్గా చూసింది అప్పుడే. అదే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలు. రంగులు మారడం కూడా గమనించారు. అమ్మ కట్టుకున్నది కుంకుమ రంగు పట్టుచీర. లాంతర్ల వెలుగు అందని కుర్చీలో, వెన్నెల్లో, ఆ ఎరుపు నలుపైపోయింది. పక్కనే మా అత్తగారి నీలం చీర మాత్రం వెలుగుతున్నట్టుంది. వెలుగు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు ముందు ఆరిపోతుంది, నీలం నిలబడుతుంది. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యె అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు. మా మనవరాలు ఆ రాత్రి తనంతట తనే గుర్తించి, చీర అంచుని లాంతరు దగ్గరికి లాగి ఎర్రగా చేసి, మళ్లీ వదిలి నల్లగా చేసి చూసుకుంది.

అప్పుడు మాటలు మొదలయ్యాయి. మైకు లేదు కనక ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినాలి. ఎవరో అబ్బాయి, ఊరంతా చీకటైతే ఈ బీచ్ ఎలా ఉంటుందో అన్నాడు. అమ్మ ఆ చీకటి చూసింది. 1971 డిసెంబరు, యుద్ధం. అప్పటికి పెళ్లయి వన్‌టౌన్‌లో కాపురం. కిటికీలకి నల్లకాగితాలు అంటించారు, వీధి దీపాలు ఆర్పేశారు, బళ్ల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు పూశారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పేలుడు. తర్వాత తెలిసింది, ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ రేవు ముందర మునిగిపోయిందని. “దీపాలన్నీ ఆర్పించారు గాని చంద్రుణ్ణి ఎవరు ఆర్పుతారు? ముందురోజే పౌర్ణమి వెళ్లింది. మా డాబాలన్నీ పట్టపగల్లా కనపడుతున్నాయి. ఆ ఒక్క రాత్రి మాత్రం వెన్నెలంటే భయం వేసింది” అంది. నేను తర్వాత చూసుకున్నాను. నిజమే, డిసెంబర్ 2 పౌర్ణమి. యాభై ఏళ్లు దాటినా తిథి తప్పలేదు ఆవిడకి.

హుద్‌హుద్ తుఫాను నాటి చీకటి మా పిల్లలకీ గుర్తుంది. 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. పున్నమి వెళ్లిన నాలుగో రోజు కనక చంద్రుడు ఆలస్యంగా లేచేవాడు, సాయంత్రాలు చిమ్మచీకటి. పదకొండు రోజులకి దీపావళి. ఆ తర్వాతే నగరం వీధి దీపాలన్నీ తెల్లని ఎల్‌ఈడీలుగా మారాయి, కరెంటు ఖర్చూ తగ్గింది. అంతకుముందు ఉండే సోడియం దీపాల పసుపు రంగు ఊరు ఇప్పటి పిల్లలకి తెలియదు. ఆ పసుపులో అన్ని చీరలూ ఒకే రంగులో ఉండేవని మా ఆడపడుచు చెబుతుంటే వాళ్లు నమ్మలేదు.

కేకు లేదు, ఆర్పాల్సిన కొవ్వొత్తి లేదు. నిజం నిప్పు ఒక్కటే. అనుమతి అడిగి తెచ్చుకున్న నువ్వుల నూనె దీపం, గాలికి ఆగేలా గాజు చిమ్నీలో, రాతి బెంచీ మీద. అమ్మ వెలిగించింది. ఆ దీపంతోనే మా అక్కచెల్లెళ్లం హారతి వెలిగించి ఇచ్చాం. ఆవిడ మీద పడ్డ దీపపు వెలుగు ఆ రాత్రి అదొక్కటే. హారతి పళ్లెం తిరుగుతుంటే అది ఒకసారి ఆవిడ ముఖం మీద, ఒకసారి మా ముఖాల మీద పడింది. వెలుగు రెండు వైపులా పడే ఆ ఏర్పాటు చేసిన పూర్వీకులకి మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత అమ్మ మాకు చెప్పకుండా తన పని మొదలుపెట్టింది. కూర్చున్న చోటి నుంచే చాప చాపకీ చూపు తిప్పుతూ ఒక్కొక్కరినీ పట్టుకుంది. “ఏరా, నువ్వు చెవి దగ్గరంతా నెరిసిపోయావు, నిద్ర పోతున్నావా లేదా?” అని మా అన్నయ్యని. “ఆ పిల్ల చిక్కిపోయిందేమే, చంటివాడు రాత్రుళ్లు పడుకోనివ్వట్లేదా?” అని కోడలి గురించి నన్ను. చాలా రోజులుగా రెండిళ్ల మధ్య మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు వేర్వేరు చాపల మీద కూర్చోవడం కూడా ఆవిడ కంటికి ఆనింది. ఇద్దరినీ పిలిచి, వడ్డన చూడమని ఒకే బల్ల దగ్గరికి పంపింది. బీపీ మాత్రలు వేసుకోని వాళ్లెవరో, ఉద్యోగం పోయినా ఇంట్లో చెప్పని వాడెవడో ముఖం చూసే అడిగింది. ఆ షష్టిపూర్తి వేదిక మీద రెండు గంటలు కూర్చుని ఒక్క మాట మాట్లాడని మనిషి ఆ రాత్రి పార్కు వాచ్‌మాన్ ఈల వేసేదాకా మాట్లాడుతూనే ఉంది. వాచ్‌మాన్‌ని కూడా వదల్లేదు. బూరెలు తినే వెళ్లాలని కూర్చోబెట్టింది.

చిన్న మావయ్య చివరి చాప మీద కూర్చున్నాడు. ఆయన లాంతరు కాస్త పక్కకి ఒరిగి ఉంది. అమ్మ దాన్ని సరిచేయించింది. “ఇప్పుడు కనపడ్డావు. మీసం ఎప్పుడు తీసేశావురా?” అంది. మీసం తీసి నాలుగేళ్లయింది. ఆయన లేచి వచ్చి ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాడు, భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

లాంతర్లు ఇప్పుడు మా అటక మీద లేవు. పై నెలలో వాళ్ల మావగారి డెబ్భయ్యోది అంటూ మా ఆడపడుచు పట్టుకెళ్లింది. వాళ్లది విజయనగరం, సముద్రం లేదు, పున్నమి కూడా కుదర్లేదు, కాలనీ పార్కులో చవితి చీకట్లో చేస్తారట. చంద్రుడు తొమ్మిదింటికి గాని రాడు కనక చాపకి రెండేసి లాంతర్లు పెట్టమన్నాను. గాజుకి కాగితం అంటించేటప్పుడు ముందు ఆయన కుర్చీలో తను కూర్చుని, కంట్లో ఏ బల్బూ పడకుండా అన్ని ముఖాలూ కనపడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు అంటించమన్నాను. వెదురు గడలు బస్సులో పట్టవు, అవి అక్కడే కోయించుకోవాలి.